వరస చివర గళ్ళ తువ్వాలు

మూడోసారి కూడా అదే కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. గోధుమరంగు అట్ట, చుట్టూ తెల్లటి నాడా, నాడా కొసన చీటీ. చీటీ మీద పేరు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకుముందు రెండుసార్లు ఇదే కట్టను తిరగ్గొట్టాను. రెండుసార్లూ గొంతు పెంచి మరీ చెప్పాను, ఇది మా మనిషిది కాదని. చెప్పింది చెవిన వేసుకుంటే వాళ్ళు ఆఫీసువాళ్ళు ఎందుకవుతారు?

ఆ పాత రికార్డుల గదిలో కూర్చోవడమే ఒక శిక్ష. సంచీ బయట అల్మరాలో పెట్టాలి. పెన్ను ముట్టకూడదు, పెన్సిలే. చలిమిషను అదేపనిగా వీస్తుంటుంది. డెబ్బై దాటిన వాడికి మోకాళ్ళు బిగుసుకుపోతాయని ఎవరికీ పట్టదు. వెళ్ళిన ప్రతిసారీ కొత్త ఫారం. పోయినేడు నింపిన ఫారం ఏదమ్మా అంటే, అది పాత పద్ధతి, ఇప్పుడు కంప్యూటరు అంటారు. కంప్యూటరు వచ్చినా, ఫారం నింపాల్సింది మాత్రం నేనే.

నేను వెతుకుతున్నది మా తాతను. మా నాన్నను కన్న తండ్రిని. జపాన్ వాళ్ళు ఈ మలై దేశానికి రాకముందు, పేరాక్ నది దిగువన ఒక రబ్బరు ఎస్టేటులో పాలు గీసేవాడు. ఒకనాటి పొద్దున తెల్ల పంచె కట్టుకుని, కోర్టులో పనుంది, సాయంత్రానికి వచ్చేస్తానని పెళ్ళాంతో చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మా ఇంట్లో ఆయన కథ మొత్తం ఇంతే.

ఇంత చిన్న కథ కోసం పన్నెండేళ్ళు ఎందుకు తిరిగావయ్యా అంటారేమో. మా ఇళ్ళలో పెద్దల పండగ ఎలా జరుగుతుందో తెలియాలి ముందు. ఆ రోజున, పోయినవాళ్ళకి కొత్త బట్టలు పెడతాం. పసుపు రాసిన పీటల మీద వరసగా, మగవాళ్ళకి పంచె, ఆడవాళ్ళకి చీర, ఒక్కొక్క బట్ట మీద పసుపూ కుంకుమా. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఇది నీకు అని చెప్తారు. ఆకుల్లో వడ్డించి, కాసేపు తలుపు దగ్గరగా వేసి, అందరం బయట నిలబడతాం. వాళ్ళు వచ్చి తీసుకుంటారని నమ్మకం. పోయినవాళ్ళకే పెట్టాలి. ఎక్కడో బతికున్న మనిషికి పెడితే వాడి ఆయుష్షు తీసినట్టే.

అందుకని మా తాతకి ఎప్పుడూ పెట్టలేదు. పోయాడన్న కబురు ఏదీ? మా నాయనమ్మ చచ్చేదాకా బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ప్రేమతో అనుకునేరు. పొద్దున్నే అద్దం ముందు కుంకుమ దిద్దుకుంటూ ఆమె అనే మాటలు నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి.

"ఉన్నాడు. ఎక్కడో ఎవుత్తెతోనో కులుకుతున్నాడు. ఆడున్నంత కాలం ఇది నా నుదుట ఉంటాది. సూసి సావనీ."

ఆమె పోయినప్పుడు పసుపూ కుంకుమలతోనే సాగనంపారు. వచ్చిన ఆడవాళ్ళంతా అదృష్టవంతురాలన్నారు. మా మేనత్త, అంటే ఆమె కూతురు, ఆ మాట విని పళ్ళు నూరడం నేను కళ్ళారా చూశాను.

పిల్లల్ని పెంచింది మా చిన్నతాత, తాతకి సొంత తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. వదినని, ఆమె పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బంటింగ్ వైపు ఇంకో ఎస్టేటుకి వచ్చి, ఒంటి చేత్తో సాకాడు. మా నాన్నకి పెళ్ళి చేశాడు. నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పాడు. నాకు అసలు తాత ఆయనే. మాటలు తక్కువ. ఒక్క విషయంలో మాత్రం సతాయించేవాడు. బట్ట మడతపెడితే అంచుకి అంచు కలవాల్సిందే. వంకరగా ఉంటే విప్పి మళ్ళీ మడత పెట్టించేవాడు.

పెద్దల పండగ నాడు బట్టలు పెట్టేది కూడా ఆయనే. అన్నీ పెట్టాక, వరస చివర, పీట లేకుండా నేల మీద, ఒక నీలం గళ్ళ తువ్వాలు పెట్టేవాడు. పేరు పిలిచేవాడు కాదు.

"అది ఎవరికి తాతా?" అని చిన్నప్పుడు అడిగాను.

"తోడొచ్చినోల్లకి."

మన దేశం నుంచి ఓడలో కూడా వచ్చి, దిక్కూ దివాణం లేకుండా పోయినవాళ్ళకి కాబోలు అనుకున్నాం. ఆయన పోయాక మా నాన్న పెట్టాడు. నాన్న పోయాక నేను. ఎవరికో తెలియకుండా ప్రతి ఏడూ క్లాంగ్ వెళ్ళి, నీలం గళ్ళదే కావాలని కొట్టువాణ్ణి వేధించి తెచ్చేవాణ్ణి.

మా నాన్న పోయిన ఏడాది, హుటాన్ మెలింటాంగ్ నుంచి అత్త కబురు పెట్టింది. ఆమెను అక్కడ పడవలు బాగుచేసే వాళ్ళింటికి ఇచ్చారు. వెళ్ళాను. అప్పటికే ఎనభై దాటింది, నోరు మాత్రం పదునుగానే ఉంది.

"కూకో. మీ అయ్య పోనాడు. ఇంక నానొక్కర్తినే మిగిలినాను. నాను పోయేలోగా నాకొక మాట తెలాల. మా అయ్య మమ్మల్ని ఒగ్గేసి ఎల్లిపోనాడా, నేకపోతే ఎక్కడైనా సచ్చినాడా?"

"ఇప్పుడెలా తెలుస్తుందత్తా?"

"కోర్టుకనే కదా ఎల్లినాడు. కోర్టోల్లు అన్నీ రాసుకుంటారు గదా. నివ్వు సదూకున్నోడివి. ఎల్లి సూడు."

నన్ను చదువుకున్నవాడన్న మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే. నేను చదివింది ఎస్టేటు తమిళ బడిలో మూడో తరగతి. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక, ఒక చిరిగిన వాచకం దగ్గర పెట్టుకుని, బస్సు ఆగిన చోటల్లా కూర్చుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు, ఇదిగో, ఇలాంటి ఫారాలు నింపుతూ వచ్చింది. బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్ళే బస్సులో కండక్టరుగా చేసి, కండక్టర్లను తీసేశాక టిక్కెట్లు తనిఖీ చేసేవాడిగా చేసి, రిటైరయ్యాను.

"పోయినాడని తేలితే బట్ట పెడదామా అత్తా?" అన్నాను.

"తేల్తే ఎడదాం. తేలకుండా ఎట్టినావంటే ఊరుకోను. ఒగ్గేసి ఎల్లినోడికి బట్టా? నా కంఠంలో పేనం ఉండగా నేదు."

"ఆయన్ని గుర్తుపట్టడానికి ఏమైనా చెప్పు."

"మొకం గుర్తు నేదురా. ఆ ఏలు గుర్తు. కుడిసేతి సిటికినేలు మొదలికంటా నేదు, కత్తి తగిలి పోనాదంట. నన్ను సంకనేసుకుంటే ఆ మొండి పట్టుకునే దాన్ని. ఆయనెల్లిన నెల దాటినాక మేం ఆ ఎస్టేటు ఒగ్గేసినాం. పొయ్యి మీద కుండ ఉడుకుతుండగా దించేసి, మా సిన్నయ్య మమ్మల్ని బయలెల్లదీసినాడు. ఎందుకో సెప్పనేదు."

ఆ మాటలు పట్టుకుని బయల్దేరాను.

మొదట ఆ కోర్టున్న ఊరికే వెళ్ళాను. పాత కోర్టు ఇప్పుడు కోర్టు కాదు. కొత్త కోర్టులో ఒక గుమాస్తా, పాత కాగితాలు ఎప్పుడో పెద్ద ఊరికి పంపేశామన్నాడు. పెద్ద ఊళ్ళో, వరదలో కొన్ని పోయాయి, మిగిలినవి ఇంకో చోట ఉన్నాయన్నారు. ఇంకో చోట, ముందు ఉత్తరం రాసి రమ్మన్నారు. రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మొదటి ఉత్తరం అందిందని జవాబొచ్చింది. నవ్వొస్తోందా? నాకు రాలేదు.

మధ్యలో జార్జ్ టౌన్‌లో ఒక పెద్దమనిషి, మనవాడే, రిటైరైన మాస్టారు, వంశవృక్షాలు తయారుచేస్తాడని విని అక్కడికీ వెళ్ళాను. హాల్లో గోడంతా ఫోటోలే. కోటు వేసుకున్న తాత, కోటు వేసుకున్న ముత్తాత.

"మా తాతగారు ఎస్టేటు ఆఫీసులో హెడ్ కిరాణీ, అంటే పెద్ద గుమాస్తా కదండీ, ఆయన సంతకం ఉన్న కాగితాలు ఎన్నో దొరికాయి," అన్నాడు. "మీ వాళ్ళవి కష్టం. ఏ కేసులోనో ముద్దాయిగా ఉంటే తప్ప మీవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు చెప్పండి?"

కాఫీ ఇచ్చాడు. తాగాను. ఆయన తాత లాంటి కిరాణీలు ఆఫీసులో కూర్చుని రాసిన పేర్లే కదా మావన్నీ, ఆ మాట మొహం మీద అనాల్సింది. అనలేదు. బస్సెక్కాక గుర్తొచ్చింది, అన్ని మంచి జవాబుల్లాగే.

కానీ ఆయన అన్నదాంట్లో ఒక నిజం ఉంది. ముద్దాయిల పేర్లు రాస్తారు. అందుకని కోర్టు ముద్దాయిల జాబితాలు వెతకమని అడిగాను. మా తాత పేరు, తాత తండ్రి పేరు, ఎస్టేటు పేరు ఇచ్చాను. నెలల తర్వాత పిలిచి ఈ కట్ట చేతిలో పెట్టారు. చీటీ చదివాను. తండ్రి పేరు మాదే. ఎస్టేటు మాదే. ముద్దాయి పేరు మాత్రం మా చిన్నతాతది.

నవ్వేశాను. మా చిన్నతాత జైలు మొహం చూసినవాడు కాదు. డెబ్బై దాటి, మా ఇంట్లో, తన మంచం మీద, నా చేతి నీళ్ళు తాగి పోయాడు. అవే పేర్లు ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో ఎస్టేటుకి పదిమంది. ఎవడో ఇంకొకడు. తిప్పి పంపేశాను. ఇంకొన్నేళ్ళ తర్వాత, కొత్త కంప్యూటరు కూడా అదే కట్టను బయటికి తీసింది. కౌంటర్లో ఉన్న తమిళతను, "బాగా చూడండి తాత్తా," అన్నాడు. "కళ్ళు పోలేదు నాకు," అని తిప్పికొట్టాను.

ఇప్పుడు మూడోసారి. కౌంటర్లో ఒక మలై ఆవిడ, నలభై ఉంటాయి, తలకి ముసుగు, కళ్ళజోడుకి గొలుసు.

"ఇది కాదు," అన్నాను మలైలో. "ముందే రెండుసార్లు చెప్పాను. మా తాత పేరు ఇది కాదు."

ఆవిడ నన్ను మలైలో బాబాయ్ అని పిలుస్తూ, కట్టను అటూ ఇటూ తిప్పింది. "పాక్‌చిక్, రెండుసార్లు తెప్పించుకున్నట్టు ఇక్కడ రాసి ఉంది. నాడా ముడి మాత్రం ఎవరూ విప్పినట్టు లేదే?"

"ఎందుకు విప్పాలి? పేరు పైనే కనిపిస్తోంది కదా."

"పాక్‌చిక్ ఏం పని చేసేవారు?"

"బస్సు కండక్టరు."

"అలాగా," అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ. "పాసు మీద పేరు చూసి దింపేశారన్నమాట, పాపం."

నాకు కోపం వచ్చింది. ఏమీ అనేలోగా ఆవిడే ముడి విప్పి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "వచ్చిన దారి పొడుగు కదా. నాలుగు కాగితాలే. చదివేస్తాను, వినండి."

ఇంగ్లీషు గొలుసురాత. ఆవిడ మెల్లగా చదువుతూ మలైలో చెప్పుకొచ్చింది. ఫలానా ఎస్టేటు కూలీ, పొద్దుటి హాజరు దగ్గర, రబ్బరు పాల బకెట్టుతో కిరాణీని కొట్టాడు. కిరాణీ తల పగిలింది. నాలుగు రోజుల తర్వాత ముద్దాయి తనంతట తానే, ఎస్టేటువాళ్ళు ఇచ్చిన పేరు బిళ్ళతో కోర్టుకి వచ్చాడు. నేరం ఒప్పుకున్నాడు. మూడు నెలలు కఠిన శిక్ష.

"ఎవడో మొండివాడు," అన్నాను. "మా వాడు కాదు."

"ఒంటి గుర్తులు," అని చదువుతోంది ఆవిడ. "ఎడమ చెవి కుట్టి ఉంది. కుడి చేతి చిటికెన వేలు మొదటికంటా లేదు."

"మళ్ళీ చదవండి."

చదివింది.

"ఇంకోసారి."

ఈసారి చదవకుండా, కాగితం నా వైపు తిప్పి, ఆ వరుస మీద పెన్సిలు కొస ఆనించింది. నాకు ఆ రాత సరిగా తెలియదు, కానీ వేలు అన్న ఇంగ్లీషు మాట తెలుసు.

మా చిన్నతాతకి పది వేళ్ళూ ఉన్నాయి. ఆ పది వేళ్ళతోనే బట్టలు మడత పెట్టేవాడు.

పన్నెండేళ్ళు నేనెంత మూర్ఖుణ్ణో ఆ కుర్చీలోనే అర్థమైంది. నేను ఎస్టేటులో పుట్టినవాణ్ణి. తెల్లవారకముందే ఆఫీసు ముందు వరసగా నిలబెట్టి, పేర్లు పిలిచే హాజరుని పెరట్టు అనేవాళ్ళు. పక్కింటావిడకి జ్వరమొస్తే మా అమ్మ ఆమె బిళ్ళ కూడా కొంగున కట్టుకెళ్ళి, రెండు పేర్లకీ పలికేది. కిరాణీ మొహం చూసేవాడు కాదు, బిళ్ళ చూసేవాడు, గొంతు వినేవాడు. నీకు జబ్బయితే నేను పలుకుతాను, నాకు జబ్బయితే నువ్వు పలుకు. ఎస్టేటుల్లో అందరమూ అలాగే బతికాం. అది తెలిసీ, కట్ట మీద పేరు చూసి ఇంకెవడోలే అనుకున్నానే! ఒకడి పాసు మీద ఇంకొకడు ఎక్కితే పట్టుకుని దింపే పని అన్నేళ్ళు చేసి, నా బుర్ర కూడా కిరాణీ బుర్ర అయిపోయింది.

తమ్ముడి బిళ్ళ పట్టుకుని, తమ్ముడి పేరుకి పలికి, తమ్ముడి శిక్షకి మా తాత వెళ్ళాడు.

"చివర ఒక చీటీ అంటించి ఉంది," అంది ఆవిడ. గొంతు తగ్గించింది. "జైలు నుంచి కోర్టుకి. పాక్‌చిక్, చదవనా?"

"చదవండి."

ఖైదీ విరేచనాలతో, శిక్ష మొదలైన అయిదో వారంలో, జైలు ఆసుపత్రిలో మరణించాడు. ఎస్టేటుకి తెలియజేశారు. కేసు మూసివేయడమైనది.

చీటీ మీద పేరుకేసి వేలు చూపించాను. "అయితే ఆ పేరు కొట్టేసి, మా తాత పేరు రాయండి."

"అలా రాయకూడదు."

"తప్పు పేరు కదా!"

"కోర్టు రాసింది కదా పాక్‌చిక్. నేను చెయ్యి పెడితే నా ఉద్యోగం పోతుంది."

"చచ్చినవాడు వేరు, రాసింది వేరు. వేలు లేదని మీ కాగితమే చెప్తోంది! ఇంకేం కావాలి మీకు?"

గదిలో అందరూ మా వైపు చూశారు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేను ఇంకో నాలుగు మాటలు అనేవాణ్ణి. "నకలు తీసి, ముద్ర వేసి ఇస్తాను," అంది. "ఇది అసలు కాగితానికి నకలేనని ముద్ర చెప్తుంది. లోపల ఉన్న మనిషి ఎవరో నేను చెప్పలేను."

అలా నా చేతికొచ్చింది కాగితం. నన్ను భుజాన మోసిన మా చిన్నతాత నేను పుట్టకముందే జైల్లో చనిపోయాడని సర్కారు ముద్రతో చెప్పే కాగితం. మా తాత గురించి ఒక్క ముక్క లేదు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? కొట్టింది ఒకడు, పోయింది ఒకడు, రాతలో మాత్రం ఒక్కడే.

మర్నాడే హుటాన్ మెలింటాంగ్ వెళ్ళాను. క్లాంగ్‌లో ఒక బస్సు, తర్వాత ఇంకో బస్సు, ఆఖరికి ఎవరిదో మోటారు సైకిలు వెనక. అత్త వరండాలో చేపలవల ముక్క ఒకటి కాళ్ళ మీద వేసుకుని కూర్చుంది. చూపు తగ్గిపోయింది. అలికిడిని బట్టే పట్టేసింది.

"వొచ్చినావా సదూకున్నోడా? ఈసారేటి సెప్పినారు, మల్లీ రమ్మన్నారా?"

"పోయాడత్తా. వదిలెయ్యలేదు. జైల్లో పోయాడు."

జరిగిందంతా వరసగా చెప్పాను. వేలి మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపమంది. వల పక్కన పెట్టింది. తన కుడి చేతి చిటికెన వేలిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత, ఇంతసేపూ నేను చెప్పలేకపోయిన ముక్క తనే అందించింది.

"ఆ దినం సిన్నయ్యకి జొరం. గోనె కప్పి మూల తొంగోబెట్టినారు. వొణుకు. అమ్మ కసాయం కాసి పోసింది. అయ్య ఆడి పక్కన కూకొని ఏటో సెప్పినాడు. సిన్నయ్య ఒద్దొద్దని ఏడిసినాడు. నాను జొరానికి ఏడుస్తన్నాడనుకున్నాను. ఎల్లకపోతే పోలీసులొచ్చి అందర్నీ ఎల్లగొడతారనేటోరు. అయ్య దానికే ఎల్లినాడు. సిన్నయ్య బిల్ల ఎట్టుకెల్లిన మాట మాకెవురూ సెప్పనేదు."

"మూడు నెలలే కదా, వచ్చేస్తాననుకుని ఉంటాడు."

"పన్నెండేల్లు!" అని ఒక్కసారి నా మీద పడింది. "పన్నెండేల్లు నీ సేతిలో ఎడతంటే ఇసిరేసినావు కదరా! కండక్టరూ! మా అయ్యని కూడా బస్సు దించేసినావు!"

రికార్డుల గదిలో ఆవిడ అన్నమాటే. ఇద్దరికీ తోచిన మాట అంటే అది నిజమే అయి ఉండాలి. తల వంచుకుని పడ్డాను.

అరిచి అరిచి అలిసిపోయి, మెల్లగా వేరే వైపు తిరిగింది ఆమె కోపం.

"సిన్నయ్యకి తెలుసు. కబురొచ్చే ఉంటాది. దానికే పొయ్యి మీద కుండ దించేసి మమ్మల్ని తీసుకుపోనాడు. తన పేరు మీదే సావు రాసినారు, అక్కడుంటే దొరికిపోతాడు. అది సరే. భయం. ఒప్పుకుంటాను. కానీ మా అమ్మ అంత కాలం మొగుణ్ణి తిడతంటే ఇంటా కూకున్నాడు కదా! ఎవుత్తెతోనో ఉన్నాడని అమ్మ అంటే, కాదొదినా అని ఒక్క పాలి అన్నాడా? అమ్మ బొట్టెట్టుకుంటంటే సూస్తా ఊరుకున్నాడు."

ఆమె అన్నది న్యాయం. అయినా నా కళ్ళ ముందు ఉన్నది, పెళ్ళీ పెటాకులూ లేకుండా అన్న పిల్లల్ని సాకిన మనిషి.

"తువ్వాలు ఆయన పెట్టిందే అత్తా," అన్నాను. "తోడొచ్చినోళ్ళకి అని. అది తాతకే. ప్రతి ఏడూ పెట్టాడు."

"దొంగతనంగా ఎట్టినాడు! నేల మీద, పేరు నేకుండా, ముష్టోడికి ఎట్టినట్టు! మా అయ్యకి పీట నేదు, పంచె నేదు!" ఊపిరి తీసుకుని తీర్పు చెప్పింది. "ఈ ఏడు మా అయ్యకి పంచె ఎట్టు, పీట మీద, అందరికంటే ముందు. సిన్నయ్యకి ఎట్టొద్దు."

"అత్తా, ఆయన నా చేతుల్లో పోయాడు."

"అయితే నీ సేతులు కడుక్కో. మొదలే సెప్పినాను, నా కంఠంలో పేనం ఉండగా నా మాటే."

ఇన్నేళ్ళు తిరిగి సాధించింది ఇదీ. ఒక తాతకి వరసలో చోటు దొరికితే, ఇంకో తాతకి పోయింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను. తల పగిలిన కిరాణీ మీద, బిళ్ళ తప్ప మొహం చూడని కోర్టు మీద, నాడా విప్పని నా మీద. చిన్నతాత మీద తెచ్చుకోవడానికి కూడా ప్రయత్నించాను. తమ్ముడి పేరుతో పోయిన అన్న ఒకడు. ఆ అన్నని పేరు పెట్టి పిలవలేక, తన పేరే చచ్చినవాడి పేరై, ఎవరికీ చెప్పుకోలేక బతికిన తమ్ముడు ఒకడు. కోపం నిలవలేదు. అది ఇంకా చిరాకు.

ఈ ఏడాది పెద్దల పండగకి అత్త బంటింగ్ దాకా రాలేనంది. నేనే బట్టలన్నీ మూటకట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. పీటలు కడిగి, పసుపు రాశాం. అందరికంటే ముందు, మొదటి పీట మీద, సన్నంచు పంచె. పేరు పిలవాల్సింది ఇంటికి పెద్ద కాబట్టి అత్తే. గోడ పట్టుకుని లేచి నిలబడింది. తొంభై దాటిన గొంతు, పెరట్టులో పలికినట్టు, గట్టిగా, మా తాత పేరు పిలిచింది. "ఇది నీకు, అయ్యా." అంతే అంది. ఆ ఇంట్లో ఆ పేరు అలా పలకడం అదే మొదలు.

తర్వాత నాయనమ్మకి చీర. మా నాన్నకి, అమ్మకి. ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ వచ్చింది. చిన్నతాత రావాల్సిన చోట ఆగలేదు, దాటేసింది.

అన్నీ అయ్యాక, మూటలో అడుగున ఉన్న నీలం గళ్ళ తువ్వాలు తీశాను. క్లాంగ్‌లో ఎప్పటి కొట్టులోనే కొన్నాను. వరస చివర, పీట లేకుండా, నేల మీద పెట్టాను. చప్పుడు కాకూడదనే పెట్టాను, కానీ చూపు తగ్గినవాళ్ళకి చెవులు ఎక్కువ.

"ఏటది?"

"తువ్వాలు."

"ఎవురికి?"

"తోడొచ్చినోళ్ళకి," అన్నాను.

ఆమె కర్ర ఊతంతో వరస చివరిదాకా వచ్చింది. తీసి అవతల పారేస్తుందనుకున్నాను. వంగి, వేళ్ళతో తువ్వాలు అంచు తడిమింది.

"వంకరగా ఉంది," అంది. "విప్పి మల్లీ మడతెట్టు. ఆడికి నచ్చదు."

విప్పాను. అంచుకి అంచు కలిపి మడత పెట్టాను. ఆమె మళ్ళీ తడిమి చూసింది. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి, ఇద్దరం బయటికొచ్చి నిలబడ్డాం.